మినుము వేస్తే నేలకి బలమా? మరి మూడు బస్తాల యూరియా ఎందుకు?

కిందటేడాది ఎనిమిదో తరగతి పిల్లలకి సూక్ష్మజీవుల పాఠం చెబుతున్నాను. బోర్డు మీద మినప మొక్క బొమ్మ గీసి, వేళ్ళకి చిన్న చిన్న గుండ్రాలు పెట్టి, ఇవి వేరు బుడిపెలు, వీటిలో రైజోబియం అనే బ్యాక్టీరియా ఉంటుంది, అది గాలిలో నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది, అందుకే పప్పుజాతి పంటలు వేస్తే నేల సారవంతం అవుతుంది అని పద్నాలుగేళ్ళుగా చెబుతున్న ముక్కే మళ్ళీ చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక గుంటడు లేచాడు.

"మాస్టారూ, మా తాత ఏటేటా మినుములే జల్లుతాడు కదండీ. మరి వరికి మూడు బస్తాల యూరియా ఎందుకేస్తన్నాడండీ?"

క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వేశాను. యూరియా తగ్గించమని మీ తాతకి చెప్పు అని ఏదో అనేసి బెల్లు కొట్టేదాకా నెట్టుకొచ్చాను. ఆ రోజు సాయంత్రం చీపురుపల్లి నుంచి ఊరికి బండి మీద పోతూ ఉంటే మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. ఎందుకంటే మా చిన్నాన్నా అదే చేస్తున్నాడు. మా రెండున్నర ఎకరాల పల్లంలో ఆయన నాకు తెలిసి పాతికేళ్ళుగా వరి కోతకి ముందు మినుము జల్లుతున్నాడు. ఆ లెక్కన మా మడి ఈపాటికి నత్రజనితో పొంగిపొర్లుతూ ఉండాలి. యూరియా బస్తాలు మాత్రం మా నాన్న రోజుల్లో ఒకటి ఉండేది, ఇప్పుడు మూడు.

ఎక్కడో లెక్క తప్పింది. ఎక్కడ తప్పిందో తెలుసుకోవడానికి నాకు ఒక రబీ పట్టింది.

మా వైపు సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. శ్రీకాకుళం, విజయనగరం పల్లాల్లో మినుము వేయడమంటే దున్ని, చాళ్ళు తీసి వేయడం కాదు. నవంబరు ఆఖరులో వరి ఇంకా నిలబడి ఉండగానే, కోతకి వారం పది రోజుల ముందు, మడిలో తడి ఉన్నప్పుడు గింజ చల్లేస్తాం. వరి నీడలోనే మొలకెత్తుతుంది, వరి కోసేశాక ఎండ తగిలి లేస్తుంది, ఆ తర్వాత దానికి నీళ్ళు లేవు, ఎరువు లేదు, మంచు తడే దిక్కు. పల్లాకు తెగులు రాకపోతే, బంగారు తీగ అనే కలుపు అల్లుకోకపోతే, ఫిబ్రవరి మార్చిల్లో రెండో మూడో క్వింటాళ్ళు చేతికొస్తాయి. పెట్టుబడి లేని పంట కాబట్టి వచ్చిందంతా లాభమే అని లెక్క. పైగా "నేలకి బలం" అనే మాట బోనస్సు. వ్యవసాయ కరపత్రాల్లో ఉంది, మా పాఠ్యపుస్తకంలో ఉంది, నా నోట్లో ఉంది.

జనవరి రెండో ఆదివారం బొరిగె పట్టుకుని మడిలోకి దిగాను. పూతకొచ్చిన మొక్కని పీకితే బుడిపెలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి, అందుకని చుట్టూ తవ్వి, మట్టి పెళ్ళతో సహా ఎత్తి, బకెట్టు నీళ్ళలో నానబెట్టి మెల్లగా కడిగాను. వేళ్ళకి ఆవగింజంతవి, మిరియం అంతవి బుడిపెలు. ఒకదాన్ని బొటనవేలి గోరుతో చీల్చాను. లోపల గులాబీ రంగు, కొద్దిగా ఎరుపు, కోడిమాంసం ముక్క కోసినప్పుడు కనబడే రంగు. పద్నాలుగేళ్ళు బోర్డు మీద గుండ్రాలు గీశాను గానీ గోరుతో చీల్చింది అదే మొదటిసారి. సిగ్గుపడాల్సిన విషయమే.

ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది. మన రక్తంలో ఉండే హీమోగ్లోబిన్‌కి దగ్గర చుట్టం. దాని పని ఏమిటంటే, బ్యాక్టీరియాకి ఊపిరాడేంత ఆక్సిజన్ మాత్రం అందించి, అంతకంటే ఎక్కువ చేరకుండా కాపలా కాయడం. నత్రజనిని విడగొట్టే నైట్రోజినేజ్ అనే ఎంజైముకి ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. బుడిపె లోపల గులాబీగా ఉంటే పని జరుగుతున్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా మొదలవలేదనో, అది పనికిరాని రకం బ్యాక్టీరియా అనో. ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో మెత్తబడిపోతే దుకాణం మూసేసినట్టు.

గట్టు పక్కన, ఒకప్పుడు గెత్తం, అంటే పశువుల పేడ ఎరువు, కుప్ప ఉండే మూల, మొక్కలు మిగతా మడి కంటే ఏపుగా, నల్లటి ఆకుపచ్చగా ఉన్నాయి. అక్కడ బుడిపెలు ఇంకా ఎక్కువ ఉంటాయనుకుని తవ్వాను. నాలుగు మొక్కలు తవ్వితే లెక్కగా పదకొండు బుడిపెలు. మామూలు చోట ఒక్కో మొక్కకే ముప్పైకి తక్కువ లేవు. కారణం తర్వాత చదువుకుంటే తెలిసింది, నేలలోనే నత్రజని దొరుకుతుంటే మొక్క బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది. ఊరికే ఎందుకు కడుతుంది మరి? ఆ బ్యాక్టీరియాకి మొక్క ఆకుల్లో చేసిన చక్కెర పెట్టి పోషించాలి. ఒక నత్రజని అణువుని విడగొట్టడానికి పదహారు ఏటీపీలు, అంటే కణం ఇంధనంగా వాడుకునే అణువులు, ఖర్చు. ఇంట్లో బియ్యం ఉండగా బజారుకెళ్ళి అన్నం కొనుక్కు తినేవాడు ఉండడు కదా, మొక్కా అంతే. మన పొలం బాగుచేద్దామని దానికేమీ లేదు. దాని కడుపు అది నింపుకుంటుంది, ఎక్కువ భాగం తీసుకెళ్ళి గింజలో దాచుకుంటుంది.

ఆ గింజనే మనం బస్తాకెత్తుకుని పోతున్నాం. అసలు తగాదా ఇక్కడే ఉంది.

గాలిలో నత్రజని 78 శాతం. వాతావరణ పీడనాన్ని బట్టి లెక్కేస్తే ఒక్క ఎకరం నెత్తిన ముప్పై వేల టన్నులకి పైగా నత్రజని ఉంటుంది. వరికి అందులో చిటికెడు కూడా అందదు, కళింగపట్నం సముద్రం ఒడ్డున కూర్చుని దాహంతో ఉన్నట్టు. రెండు నత్రజని పరమాణువుల మధ్య మూడు బంధాలుంటాయి, వాటిని తెంచడం అంత తేలిక కాదు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలలో తెంచి అమోనియా చేసి చూపించాడు, 1913కి కార్ల్ బాష్ జర్మనీలోని ఒపావులో దాన్ని ఫ్యాక్టరీ చేశాడు. 400 డిగ్రీలు దాటిన వేడి, మామూలు గాలి పీడనానికి నూటయాభై రెట్లు పైబడిన ఒత్తిడి కావాలి. మనం గోదాం దగ్గర లైన్లో నిలబడి తెచ్చుకునే యూరియా అక్కడి నుంచి వచ్చినదే. అదే పనిని మినుము వేరులో ఆవగింజంత బుడిపె మడి చల్లదనంలో చేసేస్తుంది.

ఈ సంగతి కనిపెట్టిన కథ నాకు భలే ఇష్టం. 1838లో బుస్సెంగో అనే ఫ్రెంచివాడు కుండీల్లో పెంచి చూసి, క్లోవర్ అనే పప్పుజాతి మేత మొక్క, బఠాణీ నత్రజని కూడబెడుతున్నాయి, గోధుమ కూడబెట్టడం లేదు అని చెప్పాడు. తర్వాత ఇంకా పకడ్బందీగా చేద్దామని ఇసుకని కాల్చి, అన్నీ శుభ్రం చేసి మళ్ళీ చేస్తే క్లోవర్‌కి కూడా ఏమీ రాలేదు. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్ళు 1857, 58ల్లో అంతే శుభ్రంగా చేసి, మొక్కలు గాలి నత్రజని తీసుకోలేవని తేల్చేశారు. కాల్చిన ఇసుకలో చచ్చిపోయింది బ్యాక్టీరియానే అని అప్పట్లో ఎవరికీ తట్టలేదు. 1886లో హెల్‌రీగెల్, విల్ఫార్త్ అనే ఇద్దరు జర్మన్లు పొలం మట్టి నానబెట్టిన నీళ్ళు కాసిని పోస్తే చాలు మొక్క లేచి నిలబడుతుందని చూపించేదాకా ఆ గందరగోళం సాగింది. రెండేళ్ళకి బైజెరింక్ ఆ బ్యాక్టీరియాని వేరుచేసి చేతిలో పెట్టాడు. మడి ఎక్కువ తెలుసుకున్నది, ల్యాబ్ తక్కువ తెలుసుకున్నది ఇక్కడే.

ఇప్పుడు లెక్కకొద్దాం, టెన్షన్ పడకండి, అయిదో తరగతి లెక్కే.

మా చిన్నాన్నకి ఎకరానికి రెండు క్వింటాళ్ళ నలభై కిలోల మినుములొచ్చాయి. మినుములో మాంసకృత్తులు 24 శాతం చొప్పున, దాన్ని ఆరుంపావుతో భాగిస్తే నత్రజని సుమారు 3.8 శాతం. అంటే గింజలతో పాటు ఎకరం నుంచి తొమ్మిది కిలోల పైచిలుకు నత్రజని గుమ్మం దాటింది. ఇక మొక్క ఎంత సంపాదించింది? దీనికి పరిశోధకుల దగ్గర ఒక మంచి మోటు లెక్క ఉంది. గాలిలో నత్రజనికీ మట్టిలో నత్రజనికీ బరువైన నత్రజని, అంటే నత్రజని-15, పాలు కొంచెం తేడాగా ఉంటుంది. ఆ తేడాని పట్టుకుని మొక్కలో ఎంత గాలిది, ఎంత మట్టిది అని తేలుస్తారు. అలా ఎన్నో పొలాల్లో కొలిచాక తేలిందేమిటంటే, పప్పుజాతి మొక్క నేలపైన టన్ను ఎండు పదార్థం పెంచితే అందులో సుమారు ఇరవై కిలోల నత్రజని గాలి నుంచి వచ్చి ఉంటుంది. మా మినప మొక్కలు గింజతో కలిపి ఎకరానికి ఏడు వందల కిలోలు కూడా తూగవు. అంటే పధ్నాలుగు కిలోలు. తొమ్మిది గింజలో పోగా అయిదు. ఆ అయిదు పొట్టులో, కాడలో, ఆకులో ఉంది. మరి కాడని ఏం చేస్తున్నాం? మొక్క మొక్కనే పీకి కళ్ళానికి మోసి, అక్కడ నూర్చి, పొట్టు పశువుల సాలలోకి తీసుకెళ్ళి గేదెకి పెడుతున్నాం, లేదా అమ్మేస్తున్నాం. మడిలో మిగిలేది రాలిన ఆకులూ తెగిన వేళ్ళూ. నికరంగా నేలకి మిగిలేది సున్నా. ఒక్కోసారి సున్నాకి ఆ పక్కన.

ఇది ఒక్క మా చిన్నాన్న మడి లెక్క, అందులోనూ సగం అంచనా, ఒప్పుకుంటాను. కాడని మడిలోనే వదిలేసేవాళ్ళకి లెక్క బాగుంటుంది. వరి తర్వాత వరి కంటే వరి తర్వాత మినుము మేలు, అందులో నాకు సందేహం లేదు. పురుగూ తెగులూ గొలుసు తెగుతుంది, రాలిన ఆకు చెడ్డది కాదు, చేతికి డబ్బులూ వస్తాయి. మినుము మానేయమని నేననడం లేదు. మినుముని ఎరువు పద్దులో రాసుకోకండి అంటున్నాను. అది అమ్మకం పంట. నువ్వులెంత అమ్మకం పంటో అదీ అంత, కాకపోతే తన ఎరువు తనే తెచ్చుకుంటుంది. గుంటడి తాత మూడు బస్తాలేస్తే ఆయన తప్పేం లేదు, తప్పు నా పాఠంలో ఉంది.

మరి ఏ పప్పుజాతి నిజంగా నేలకిస్తుంది? గింజ తీయనిది. దున్నేసేదో, మేపేదో.

దీని మీద మనకంటే ఎక్కువ తల బద్దలు కొట్టుకున్నవాళ్ళు ఆస్ట్రేలియా వాళ్ళు. వాళ్ళ దక్షిణ ప్రాంతపు నేలలు మా మెట్ట గరువుల కంటే అధ్వాన్నం, భాస్వరం లేదు, నత్రజని లేదు. 1889లో మౌంట్ బార్కర్ దగ్గర ఏమస్ హోవర్డ్ అనే రైతు, ఎక్కడి నుంచో విత్తనాల్లో కలిసి వచ్చిన ఒక కలుపు క్లోవర్ని గమనించాడు. వేరుశెనగలాగా కాయని మట్టిలోకి తోసేసుకుంటుంది, పశువులు ఎంత మేసినా మళ్ళీ ఏడాది దానంతటదే లేస్తుంది. ఆయన దాన్ని పట్టుకుని వదల్లేదు, విత్తనం కట్టి ఊరూరా అమ్మాడు. తర్వాత దశాబ్దాల్లో ఆ క్లోవర్, దానికి సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు, రెండూ కలిపి లక్షల ఎకరాల మేత భూములయ్యాయి. కొన్నేళ్ళు గొర్రెలు మేపడం, తర్వాత దున్ని గోధుమ వేయడం, అదే వాళ్ళ యూరియా. కొన్నిచోట్ల సూపర్ వేసినా క్లోవర్ లేవలేదు. కర్ర బూడిద పడ్డ చోట మాత్రం పచ్చగా ఉంది. ఆండర్సన్ అనే శాస్త్రవేత్త ఆ బూడిద వెంటపడి 1942లో తేల్చాడు, లోపం మాలిబ్డినంది. నైట్రోజినేజ్ మధ్యలో కూర్చునే లోహం అది. ఎకరానికి చెంచాల లెక్కన వేస్తే చాలు, లేకపోతే బుడిపెలున్నా పని జరగదు.

అంతా బంగారమే అనుకోకండి. దశాబ్దాల పాటు క్లోవర్ పెంచిన నేలలు ఆమ్లం పట్టాయి, మిగిలిన నత్రజని నైట్రేటుగా అడుగుకి జారిపోవడమూ పంటతో పాటు సున్నపు గుణం పోవడమూ కారణం. ఇప్పుడు వాళ్ళు సున్నం తోలుకుంటున్నారు. ఉత్తరాన క్వీన్స్‌లాండులో స్టైలో అనే మేత పప్పుజాతిని నమ్ముకుంటే 1970ల్లో ఆకుమచ్చ తెగులొచ్చి ఒక రకం ఊడ్చిపెట్టుకుపోయింది. ఎవరి తిప్పలు వాళ్ళవి. నేను నేర్చుకున్న ముక్క ఒక్కటే, వాళ్ళు నత్రజనిని గొర్రె నోటి గుండా నేలకి పంపారు. పాలో ఉన్నో మాంసమో అమ్ముకున్నారు, నత్రజని వెనక మిగిలింది. ఎరువు కోసమే పంట వేయమని రైతుకి ఎవరూ నచ్చజెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇంత దూరం ఎందుకు, మనకీ అలాంటిది ఉండేది.

ఆ గుంటడి తాతని వెతుక్కుంటూ వెళ్ళాను. పాఠం తప్పని చెబుదామనే వెళ్ళాను నిజానికి. ఆయన రచ్చబండ దగ్గర కూర్చుని ఉన్నాడు. నా లెక్కంతా విన్నాడు, మధ్యలో రెండుసార్లు చుట్ట వెలిగించాడు.

"ఇది సెప్పడానికి ఇంత దూరం వొచ్చినారా మాస్టరు బాబూ. మినుము అమ్మకానికి. నేలకి పిల్లిపెసర. పూర్వం అందరికీ సగం మడి దానికే. పశువు మేసీది, మిగిలింది దమ్ములో తొక్కీసీవోలం. ఎద్దులమ్మీసినాక ఒగ్గేసినాం. ట్రాట్రు పిల్లిపెసర తింతాదేటి?"

ట్రాక్టరు పిల్లిపెసర తినదు. నేను పది వ్యాసాలు చదివి చెప్పలేనిది ఆయన చుట్ట నోట్లో పెట్టుకుని చెప్పేశాడు.

పిల్లిపెసర తెలియనివాళ్ళుంటారు, ముఖ్యంగా నలభై లోపు వాళ్ళు. పెసరకి దగ్గర బంధువు, నేలంతా పాకుతుంది, ఆకు మూడు చీలికలుగా ఉంటుంది, కాయ సన్నం, గింజ మరీ చిన్నది. పప్పు వండుకోవడానికి ఎవరూ వేయరు. మినుములాగే వరి కోతకి ముందు చల్లితే మిగులు తడి మీద వస్తుంది. వరి వాళ్ళు గింజ తూస్తారు, పాల వాళ్ళు లీటర్లు కొలుస్తారు, ఇది ఎవరి పద్దులోకీ రాదు. రెంటికీ చెడ్డ రేవడి. పచ్చిరొట్ట విత్తనాల జాబితాలో జీలుగ, జనుము పక్కన దాని పేరూ రాయితీతో ఉంటుంది, అది మాత్రం నిజం. అడిగేవాళ్ళే తక్కువ.

నేను ఒక ముప్పై సెంట్లు అడిగాను. చిన్నాన్న ఒప్పుకోడానికి మూడు ఆదివారాలు పట్టింది. "ఏరా, ముప్పై సెంట్ల మినుములు నువ్వు కొనిస్తావా?" అన్నాడు. కొనిస్తానన్నాను, చివరికి డబ్బులూ కట్టాను, అది దాచడం ఎందుకు. అయితే జనవరి దాటిపోయింది, ఆ ఏడాది మినుము పక్కన పెట్టి చూసే అదను లేదు. ఉగాది తర్వాత పడ్డ వానకి, బోరు తడి ఒకటి ఇచ్చి వేశాను. పనిలో పనిగా ఒక షాపులో రైజోబియం పొట్లం కొని, బెల్లం నీళ్ళతో సగం గింజకి పట్టించి, నీడలో ఆరబెట్టి చల్లాను. మిగతా సగానికి ఏమీ లేదు. యాభై రోజులకి తవ్వి చూస్తే రెండు సగాల్లోనూ బుడిపెలు ఒకేలా ఉన్నాయి. ఎండలో పెట్టి చంపేసిన సరుకు అంటగట్టాడని షాపువాడిని తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, మినుము, పెసర, అలసంద, పిల్లిపెసర, వేరుశెనగ ఒకే కుటుంబం బ్యాక్టీరియాతో సర్దుకుపోతాయి, ఏటేటా మినుము పడే మా మడిలో అవి ఎప్పటి నుంచో కాపురం ఉంటున్నాయి. కొత్తగా పొట్లంలో దిగినవాటికి అక్కడ చోటేదీ? పాపం షాపువాడు. కానీ ఒక చివర సూపర్ పాతిక కిలోలు చల్లిన చోట మాత్రం తేడా కంటికి కనబడింది, ఆకు ముదురు, పాకుడు ఎక్కువ. డబ్బు పెడితే పొట్లానికి కాదు, భాస్వరానికి పెట్టాలి. అదీ వరికి కాకుండా దీనికి వేస్తే వరికి ఎలాగూ మిగులుతుంది.

మీటరు చదరం కర్రలతో కట్టి, లోపలిదంతా కోసి, అమ్మ కూరగాయల తక్కెడలో తూచాను. తొమ్మిది వందల గ్రాములు. డాబా మీద ఆరు రోజులు ఎండబెట్టి మళ్ళీ తూస్తే నూట తొంభై. ఎకరానికి కడితే పచ్చిది మూడున్నర టన్నులు, ఎండుది ఏడు వందల డెబ్భై కిలోలు. పైన చెప్పిన మోటు లెక్కలో పదిహేను కిలోల నత్రజని, వేళ్ళు కాకుండా. నలభై అయిదు కిలోల యూరియా బస్తాలో ఉండేది ఇరవై కిలోల పైచిలుకు. అంటే ముక్కాలు బస్తా. ఇదేమిటి ఇంత గోల చేసి ముక్కాలు బస్తానా అనకండి. మినుము లెక్క సున్నా. పైగా ఇదేదీ గుమ్మం దాటలేదు ఇంకా.

యూరియాతో ధరలో పోటీ పడదు, అది కూడా చెప్పేయాలి. బస్తా ₹266.50కి వస్తోంది, అసలు ధరలో పెద్ద భాగం ప్రభుత్వం కడుతోంది కాబట్టి. విత్తనం, చల్లిన కూలి కలిపితే నా ముక్కాలు బస్తా దానికంటే ఎక్కువే పడింది. అందుకే పచ్చిరొట్ట వేయండి, దున్నేయండి, నేలతల్లిని కాపాడండి అని ఎన్ని మీటింగులు పెట్టినా తలలూపి వెళ్ళిపోతారు. చేతిలో పంటని మట్టిలో తొక్కడానికి మనసొప్పదు, ఒప్పాల్సిన పని కూడా లేదు.

మేపితే వేరు. సగం కోసి అమ్మ గేదెకి పెట్టాం. మొదటి రోజు ఆశకొద్దీ ఎక్కువ వేస్తే కడుపుబ్బరం వచ్చి రాత్రి రెండింటిదాకా మెలకువ, అది నా తెలివితక్కువతనం. లేత పప్పుజాతి మేత ఏదైనా ఎండుగడ్డితో కలిపే పెట్టాలి, ఖాళీ కడుపు మీద పెట్టకూడదు, ఇది అమ్మకి తెలుసు, నాకే తెలియదు. తర్వాత గడ్డిలో కలిపి పెడుతూ వచ్చాం. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే, ఇలాంటి మేతలో పదిహేను దాటుతుంది. పది రోజులకి పూటకి పావు లీటరు పాలు పెరిగాయి, దాణా ఒక పూట తగ్గించాం. ఒక గేదె, పది రోజులు, ఇది పరిశోధన కాదు. కానీ అమ్మ మర్నాడు నన్ను అడిగింది నత్రజని గురించి కాదు, "ఇంకెన్ని రోజులొస్తుందిరా ఆ ఆకు?" అని.

గేదె తిన్న నత్రజనిలో నాలుగింట మూడు వంతులకి పైనే పేడలో, మూత్రంలో బయటికొచ్చేస్తుంది, పాలలోకి పోయేది తక్కువ. అందులోనూ సగం దాకా మూత్రంలోనే. మా సాలలో మూత్రం కాలవ గుండా వీధిలోకి పోతోంది. గెత్తం కుప్ప ఆరు నెలలు వానకి నానుతోంది. అంటే మేపినంత మాత్రాన కూడా నేలకి చేరదు. నేను చేసిందల్లా సాలలో రోజూ నాలుగు బుట్టల ఎండుటాకూ పొట్టూ పరిపించి, తడిసినదాన్ని కుప్పకెత్తించి, కుప్ప మీద తాటాకులు కప్పించడం. మడిలోనే పశువుని కట్టి మేపితే ఇంకా నయం, గొర్రెల మంద పెట్టించుకునేవాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. మిగతా సగం పిల్లిపెసర ఉభాలకి, అంటే వరి నాట్లకి, ముందు దమ్ములో కలిపేశాం. ఆ ముప్పై సెంట్లకి చిన్నాన్న మొదటి దఫా యూరియా వేయలేదు, నేను వద్దన్నాననే. మిగతా మడికీ దానికీ ఆకు రంగులో తేడా ఉందా అని వారం వారం చూశాడు. లేదు. రెండో దఫా మాత్రం నా మాట వినలేదు, వేసేశాడు. కాబట్టి దిగుబడి గురించి నేనేమీ చెప్పలేను.

అడ్డంకులు నాకు తెలుసు. మినుములు పీకేశాక ఊళ్ళో పశువులన్నీ వదిలేస్తారు, మేకలు సరేసరి, ఒక్కడి మడిలో పచ్చగా ఉంటే ఊరంతటికీ విందు. ఊరంతా వేస్తే ఎవరిది వాళ్ళకి మిగులుతుంది, ఒక్కడు వేస్తే ఎవరికీ మిగలదు. కోత మిషన్ వచ్చాక మరో తంటా, ముందు చల్లిన మొలకల మీద నుంచి టైర్లు పోతే చాళ్ళ పొడవునా ఏమీ లేవదు. అందుకే మొత్తం మడి అనడం లేదు. ఇంట్లో ఒక్క పాడి పశువున్నా, ఎకరానికి ఇరవై సెంట్లు, చేత్తో కోయించుకునే మడి, ఇంటికి దగ్గరది, ప్రతి ఏడూ చోటు మారుస్తూ. అయిదేళ్ళలో మడంతా ఒక చుట్టు తిరుగుతుంది. పశువు లేనివాళ్ళకి ఇది పనికిరాదు, వాళ్ళు జీలుగో జనుమో చూసుకోవాలి.

ఈ ఏడాది ఎనిమిదో తరగతికి పాఠం మార్చి చెప్పాను. బొమ్మలో గింజ దగ్గర ఒక బాణం గీసి మడి బయటికి, గేదె దగ్గర ఇంకో బాణం గీసి మడి లోపలికి వేశాను. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పడవు, పుస్తకంలో ఉన్నదే రాయండి అని కూడా చెప్పాల్సి వచ్చింది, అది వేరే బాధ.

చిన్నాన్న ఈసారి అడక్కుండానే యాభై సెంట్లు వదిలాడు, అమ్మ పోరు పడలేక. విత్తనం తెచ్చి ఉంచాను. వరి గింజ గట్టిపడింది. తాతని ఎప్పుడు చల్లమంటారని అడిగితే తేదీ చెప్పలేదు. "మడిలో అడుగేస్తే అచ్చు పడాల, మట్టి మాత్రం కాలికి అంటకూడదు. ఆ రోజు జల్లండి" అన్నాడు. నిన్న సాయంత్రం బడి నుంచి అటే వెళ్ళి, చెప్పులు గట్టు మీద వదిలి దిగి చూశాను. అచ్చు పడుతోంది. మట్టి ఇంకా అంటుకుంటోంది.